రోహిణి కార్తె ఎండ, రేకుల గది, 200 బార్ల సిలిండర్: ఎయిర్ పిస్టల్‌ని ఇంట్లో ఎలా దాచుకోవాలి?

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం సీరియస్. గురి ఎలా పెట్టాలి, ట్రిగ్గర్ ఎలా నొక్కాలి, ఏ పెల్లెట్ కొనాలి అని మీరు ఎప్పుడూ అడుగుతుంటారు. ఇవాళ అవేవీ మాట్లాడను. ప్రాక్టీస్ అయిపోయాక పిస్టల్ ఎక్కడ పెడుతున్నారు, దాని సిలిండర్ ఎక్కడ పెడుతున్నారు, ఆ సంగతి మాట్లాడుకుందాం. బోరు కొడుతుంది అనుకోకండి. ముందు నా కథ ఒకటి చెప్తాను, విన్నాక మీరే ఆగుతారు.

అద్దం పగిలిన రోజు

మాది గుంటూరు జిల్లాలో పత్తి, మిరప పండించే ఊరు. మా మిద్దె మీద ఒక రేకుల గది ఉంది. కింద జాగా చాలకపోతే నాన్న పత్తి బోరాలు, మిరపకాయల టిక్కీలు అందులో వేయిస్తాడు. మిద్దె మీద 10 మీటర్లు కొలిచి, ఒక చివర టార్గెట్ పెట్టి, నేను ప్రాక్టీస్ చేసేది అక్కడే. నా పిస్టల్, సిలిండర్, పెల్లెట్ డబ్బా అన్నీ ఆ గదిలో ఒక అట్టపెట్టెలో ఉండేవి.

సంక్రాంతికి అక్కావాళ్ళు వచ్చారు. పొద్దున ప్రాక్టీస్ మధ్యలో కింది నుంచి టిఫిన్‌కి పిలిచారు. పెల్లెట్ పెట్టేసి, కాక్ చేసేసి ఉన్న పిస్టల్‌ని అలాగే బల్ల మీద పెట్టి కిందికి వెళ్ళాను. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. అక్క కొడుక్కి అప్పుడు ఆరేళ్ళు. వాడు పైకి ఎప్పుడు ఎక్కాడో ఎవరూ చూడలేదు. అమ్మ ఆ గదిలోనే బోరాలు సర్దుతోంది. "టప్" మని శబ్దం వచ్చింది, గోడకున్న అద్దం పగిలింది. అమ్మ భుజానికి జానెడు దూరం. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి వాడు పిస్టల్ పట్టుకుని బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. "మావయ్యా, ఇది నీళ్ళు కొట్టదా?" అన్నాడు.

వాడి తప్పు ఏమీ లేదండి. తప్పంతా నాదే. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీస బరువు రూల్ ప్రకారం 500 గ్రాములు. అంటే అరకేజీ పంచదార పొట్లం బరువంత. ఆరేళ్ళ పిల్లాడి వేలు చాలు. బయటికొచ్చే పెల్లెట్ అర గ్రాము ఉంటుంది, సెకనుకి సుమారు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది. "గాలి తుపాకీయే కదా" అని తేలిగ్గా అంటాం. కంటికి తగిలితే కన్ను పోతుంది. అంతే, అందులో ఇంకో మాట లేదు.

మొదటి రూలు: ఖాళీ చెయ్యి, చూడు, తాళం వెయ్యి

ఆ రోజు నుంచి నేను చేస్తున్నది చెప్తాను. షూటింగ్ ఆపగానే, టిఫిన్‌కైనా ఫోన్‌కైనా సరే, పిస్టల్‌లోంచి పెల్లెట్ తీసేస్తాను. లోడింగ్ గేటు తెరిచే ఉంచుతాను. బ్యారెల్ లోపలి నుంచి ఒక రంగు దారం దూరుస్తాను. దీన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. ప్లాస్టిక్ తీగలాగా ఉంటుంది, బ్యారెల్ మొత్తం పొడవునా వెళ్ళి రెండు వైపులా బయటికి కనిపించాలి. అది కనిపిస్తోందంటే లోపల పెల్లెట్ లేదని ఎంత దూరం నుంచైనా ఎవరికైనా అర్థమవుతుంది. పెద్ద పోటీల్లో ఇది తప్పనిసరి. ఇంట్లో కూడా తప్పనిసరి చేసుకోండి. ఖరీదైనదేమీ కాదు, పొలంలో గడ్డి కోసే మిషన్‌కి వాడే నైలాన్ తీగ ముక్క కూడా పనికొస్తుంది.

తర్వాత పిస్టల్ గట్టి కేసులోకి, కేసుకి తాళం, కేసు బీరువాలోకి. పెల్లెట్లు వేరే అరలో, వేరే తాళంలో. తాళంచెవి బీరువా మీద పెట్టకండి. పిల్లలకి మనకంటే బాగా తెలుసు మనం ఎక్కడ దాస్తామో. పెల్లెట్లు సీసంతో చేస్తారు, అది విషం. పిల్లలు నోట్లో పెట్టుకోకూడదు. మీరు కూడా షూటింగ్ అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కునే అన్నం ముట్టుకోండి.

200 బార్ అంటే ఎంత?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అదే సిలిండర్. పిస్టల్ బ్యారెల్ కింద పొడుగ్గా, టార్చిలైటులాగా ఉంటుంది చూడండి, అదే. అందులో 200 బార్ల దాకా గాలి నింపుతాం. మీ బైక్ టైర్‌లో ఉండేది సుమారు 2 బార్లు. అంటే టైర్‌కి వంద రెట్లు. సిలిండర్ లోపలి జాగా 100 మిల్లీలీటర్లు అనుకుందాం, ఒక టీ గ్లాసంత. ఆ టీ గ్లాసులోకి 20 లీటర్ల గాలిని కుక్కి మూత బిగించాం. పగిలితే అది గాలి కాదు, ఇనుప ముక్కలు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2025 జనవరిలో ఢిల్లీ కర్ణి సింగ్ షూటింగ్ రేంజ్‌లో జాతీయ స్థాయి షూటర్ ఒకరు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సిలిండర్‌కి గాలి నింపుతుంటే అది పేలింది. ఆయన ఎడమచేతి బొటనవేలు పోయింది. దేశంలో పేరున్న రేంజ్, అనుభవం ఉన్న ఆటగాడు. అక్కడే అలా అయిందంటే, మన మిద్దె మీద మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా దగ్గర ఇంకో కథ ఉంది.

సిలిండర్‌కీ ఆయుష్షు ఉంటుంది

నా మొదటి పిస్టల్ సెకండ్ హ్యాండ్‌ది. కొత్తది మంచి విదేశీ కంపెనీది కొనాలంటే మిరప పంట మీద వచ్చిన లాభమంతా పోసినా చాలదు. అమ్మినాయన "సిలిండర్ బ్రహ్మాండంగా ఉంది, ఒక్క గీత లేదు" అన్నాడు. నిజంగానే తళతళ మెరుస్తోంది. 2022లో ఒక పోటీకి వెళ్ళాను. ఆట మొదలయ్యేముందు సామాను చెక్ చేసే టేబుల్ ఉంటుంది. అక్కడ ఒక పెద్దాయన సిలిండర్ తిప్పి చూసి, "దీని మీద ఏముందో చదివావా బాబూ?" అన్నారు. చిన్న అంకెలు చెక్కి ఉన్నాయి. 2009. "కంపెనీ పదేళ్ళే ఇచ్చింది. దీంతో ఆడనివ్వను," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. వంద కిలోమీటర్లు వచ్చాను, నాన్న దగ్గర డబ్బులు అడిగి ఎంట్రీ ఫీజు కట్టాను. సార్, ఈ ఒక్కసారికి అని బతిమాలాను. ఆయన వినలేదు. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను. ఢిల్లీ వార్త చూశాక అర్థమైంది, ఆయన ఆ రోజు నా మ్యాచ్ ఆపలేదు, నా చెయ్యి కాపాడారు.

ఎందుకిలా? సిలిండర్‌ని నింపుతాం, ఖాళీ చేస్తాం, మళ్ళీ నింపుతాం. ప్రతిసారీ లోహం కాస్త సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఒకసారి పుటుక్కుమని తెగిపోతుంది కదా, సూత్రం అదే. పైగా లోపలికి తేమ చేరితే లోపలి నుంచే తుప్పు తింటుంది. పైన మెరుపు అలాగే ఉంటుంది. కళ్ళతో చూసి బాగుంది అనడానికి లేదు. అందుకే కంపెనీలు గడువు పెడతాయి. చాలావాటికి తయారైన తేదీ నుంచి పదేళ్ళు, కొన్నిటికి ఇరవై. మీ సిలిండర్‌కి ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది. గుర్తు పెట్టుకోండి, మీరు కొన్న తేదీ నుంచి కాదు, తయారైన తేదీ నుంచి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రూల్స్‌లో కూడా సిలిండర్ గడువులో ఉందో లేదో చూసుకునే బాధ్యత ఆటగాడిదే.

ఇప్పుడే ఒక పని చెయ్యండి. సిలిండర్ మీద తేదీని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. గడువు ముగిసే నెలకి ఆర్నెల్ల ముందు క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. కొత్త సిలిండర్ తెప్పించుకోవడానికి టైమ్ పడుతుంది, చివరి నిమిషంలో దొరకదు.

గడువు అయిపోయినదాన్ని ఏం చెయ్యాలి? మళ్ళీ నింపొద్దు. గాలి మొత్తం మాన్యువల్లో చెప్పినట్టు మెల్లగా వదిలేయండి. డీలర్‌కి ఇచ్చేయండి. పాత సామాన్లవాడికి అలాగే వేయకండి. అది మెరుస్తూ ఉంటే ఇంకెవరో కుర్రాడికి అమ్ముతారు, నాకు అమ్మినట్టే.

మన ఎండ సంగతి

"రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. రెంటచింతల పేరు ఎండాకాలంలో ఎన్నిసార్లు వార్తల్లో వస్తుందో మీకు తెలుసు. గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట ఎక్కడైనా మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో మూసి ఉన్న కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. రేకుల గది కూడా పొయ్యిలా కాలుతుంది.

మూసిన సిలిండర్‌లో గాలి వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది. ఇంటర్‌లో చదువుకున్నదే. లెక్క చూద్దాం. ఉదయం 25 డిగ్రీల దగ్గర 200 బార్లు నింపారు. కారు డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా వదిలేశారు, లోపల 65 డిగ్రీలు అయింది. ఇప్పుడు లోపల దాదాపు 227 బార్లు. మీరు ఏమీ చెయ్యలేదు, ఎండే నింపింది. కొత్త సిలిండర్ దీన్ని తట్టుకునేలాగే చేస్తారు, నిజమే. కానీ పాతది, లోపల తుప్పు పట్టినది, థ్రెడ్ అరిగినది తట్టుకుంటుందని ఎవరు హామీ ఇస్తారు?

అందుకే నేను పాటించేవి మూడు. ఒకటి, కారు డిక్కీలో, బైక్ సీటు కింద, రేకుల గదిలో సిలిండర్ పెట్టను. కింది గదిలో, ఎండ పడని గోడ పక్కన, వంటింటికి దూరంగా పెడతాను. రెండు, ఎండాకాలంలో 200 దాకా నింపను, 180 దగ్గర ఆపేస్తాను. మ్యాచ్‌లో క్వాలిఫికేషన్ 60 షాట్లే, దానికి ముందు ప్రాక్టీస్ షాట్లు కలిపినా 180 సరిపోతుంది. మూడు, సిలిండర్‌ని పిస్టల్ నుంచి విప్పి, మూత పెట్టి, కింద పడకుండా గుడ్డలో చుట్టి పెడతాను. కింద పడి సొట్ట పోయినా, థ్రెడ్ దెబ్బతిన్నా ఇక వాడను.

మా ఫ్రెండ్ ఒకడు తెలివి ఉపయోగించాడు. "మిరపకాయల టిక్కీలే కోల్డ్ స్టోరేజీలో పెడుతున్నాం కదరా, సిలిండర్ ఫ్రిజ్‌లో పెడితే సరి" అన్నాడు. వద్దు. ఫ్రిజ్‌లోంచి తీయగానే చెంబు మీద చెమట పట్టినట్టు సిలిండర్ మీద, వాల్వ్ మీద నీళ్ళు పడతాయి. తుప్పుకి అదే మొదలు. చల్లగా కాదు, నీడగా, పొడిగా ఉండాలి. అంతే.

కార్బన్ డయాక్సైడ్ పిస్టల్ ఉన్నవాళ్ళకి

పోటీ పిస్టళ్ళు చాలావరకు 1990ల నుంచి మామూలు గాలికి మారిపోయాయి. కానీ సరదా పిస్టళ్ళలో 12 గ్రాముల చిన్న కార్బన్ డయాక్సైడ్ క్యాట్రిడ్జ్‌లు ఇంకా వాడుతున్నారు. వాటికి మన ఎండ అసలు పడదు. ఈ వాయువు క్యాట్రిడ్జ్‌లో ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లోపల ప్రెషర్ 57 బార్లు. 30 డిగ్రీలకి 72 దాకా వెళ్తుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండలేదు, అక్కడి నుంచి ప్రెషర్ చాలా వేగంగా పెరుగుతుంది. మన ఊళ్ళో 31 డిగ్రీలు అంటే ఎండాకాలం రాత్రి పదింటికి కూడా ఉంటుంది! క్యాట్రిడ్జ్‌ల మీద 50 డిగ్రీల లోపే ఉంచమని రాసి ఉంటుంది, చదవండి. కారు డాష్‌బోర్డ్ మీద పెడితే ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. ఒకసారి గుచ్చిన క్యాట్రిడ్జ్‌ని రాత్రంతా పిస్టల్‌లో ఉంచకండి, సీళ్ళు పాడైపోతాయి. మిగిలిన గ్యాస్ వదిలేటప్పుడు వేళ్ళకి తగలనివ్వకండి, చర్మం గడ్డకట్టి కాలినట్టు అవుతుంది.

గాలి ఎక్కడ నింపాలి, ఎక్కడ నింపకూడదు

ఇది జాగ్రత్తగా వినండి. మన ఊళ్ళలో ట్రాక్టర్ ట్రాలీలు వెల్డింగ్ చేసే షాపులు ఉంటాయి, వాళ్ళ దగ్గర పెద్ద ఆక్సిజన్ సిలిండర్లు ఉంటాయి. "అందులోనూ ప్రెషర్ ఉంది కదా, ఒక పైపు పెట్టి నింపేద్దాం" అనే ఆలోచన ఒకప్పుడు నాకూ వచ్చింది. ఎప్పుడూ, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చెయ్యొద్దు. ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి కొంచెం నూనో, గ్రీజో తగిలితే నిప్పు రవ్వ లేకుండానే అంటుకుంటుంది. పిస్టల్ వాల్వ్‌లో గ్రీజు ఉంటుంది. మీ చేతిలో బాంబు తయారవుతుంది.

టైర్లకి గాలి కొట్టే షాపు కూడా పనికిరాదు. ఆ కంప్రెషర్ పది బార్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా ఆ గాలిలో నీళ్ళు, నూనె ఉంటాయి. మన పిస్టల్‌కి కావలసింది పొడి గాలి. హ్యాండ్ పంపు వాడితే మధ్యమధ్యలో ఆపి, చల్లారనిచ్చి, కింద నీళ్ళు వదిలే స్క్రూ విప్పాలి. వర్షాకాలంలో ఎంత తేమ దిగుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

అకాడమీల్లో పెద్ద సిలిండర్ నుంచి నింపుతారు. ఆ పెద్ద సిలిండర్ 300 బార్లది కూడా కావచ్చు. వాల్వ్ గబుక్కున తిప్పితే మీ చిన్న సిలిండర్‌లోకి 200 దాటి వెళ్ళిపోతుంది. గేజ్ మీద కన్ను పెట్టి, సన్నగా, నిదానంగా తిప్పాలి. వేగంగా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, చల్లారాక ప్రెషర్ పడిపోతుంది, తక్కువ నిండింది అని మళ్ళీ నింపుతాం. ముఖం, వేళ్ళు సిలిండర్ చివరికి ఎదురుగా పెట్టకండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. "సుయ్" మని లీక్ శబ్దం వస్తే బిగించడానికి ప్రయత్నించకండి, ముందు ప్రెషర్ వదిలించండి. ప్రెషర్ ఉన్నదాన్ని స్పానర్‌తో ముట్టుకోకూడదు.

ఇంకో మాట. వాడాక సిలిండర్‌ని పూర్తిగా సున్నా చేసి పెట్టకండి, కొంచెం ప్రెషర్ మిగల్చండి. లోపల ప్రెషర్ ఉంటే బయటి తేమ లోపలికి రాదు. విమాన ప్రయాణం మాత్రం దీనికి మినహాయింపు. అప్పుడు సిలిండర్ విప్పి, పూర్తిగా ఖాళీ చేసి, ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పి తీసుకెళ్ళాలి.

మిరప దుమ్ము, పత్తి నూగు, యూరియా బస్తా

ఈ మూడూ మన ప్రాంతం ప్రత్యేకం. కల్లంలో కాయలు ఎండే రోజుల్లో ఇంట్లో ప్రతి వస్తువు మీద ఎర్ర దుమ్ము ఉంటుంది. అది ట్రిగ్గర్ లోపలికి వెళ్తే, ఆ దుమ్ము నూనెతో కలిసి ముద్ద అవుతుంది. పత్తి నూగు కూడా అంతే, నూనె ఎక్కడుంటే అక్కడ అంటుకుంటుంది. ఓ-రింగ్ మీద ఒక్క నూగుపోగు పడితే చాలు, గాలి లీకవుతుంది. ఓ-రింగ్‌కి మాన్యువల్లో చెప్పిన సిలికాన్ గ్రీజే వాడండి, అదీ చాలా కొంచెం. కుట్టుమిషన్ నూనె, ఇంజన్ ఆయిల్ వద్దు.

యూరియా, ఎరువుల బస్తాలున్న గదిలో పిస్టల్ పెట్టకండి. ఎరువులు గాలిలో తేమ లాగుతాయి, లోహాన్ని తింటాయి. పార మీద తుప్పు చూశారు కదా. పిస్టల్ కేసులో ఉండే స్పాంజి కూడా తేమని పట్టుకుంటుంది. చెమట చేత్తో పట్టుకున్న పిస్టల్‌ని తుడవకుండా అందులో పెట్టేస్తే వారంలో మచ్చలు పడతాయి. పొడి గుడ్డతో తుడిచి, కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు కేసులో వేయండి.

చట్టం సంగతి రెండు మాటల్లో

2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల లోపు బోరు, 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ శక్తి ఆరేడు జూల్స్ దగ్గరే ఉంటుంది. లైసెన్స్ లేదు కదా అని నడుముకి దోపుకుని తిరగకండి. దూరం నుంచి చూసేవాళ్ళకి అది నిజం పిస్టలే. బస్సులోనైనా బైక్ మీదైనా కేసులో, తాళం వేసి, బిల్లు, మీ అకాడమీ కార్డు దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళండి. చేలో నెమళ్ళు వచ్చాయని వాటి మీద కాల్చారంటే జైలే. వన్యప్రాణి చట్టంలో నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉంది.

చివరిగా

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచింది. 2024 పారిస్‌లో మను భాకర్ అదే ఈవెంట్‌లో ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. వాళ్ళని చూసే మనలో చాలామంది ఈ ఆటలోకి వచ్చాం. మెడల్ వస్తుందో రాదో మన చేతుల్లో లేదు. సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక పిస్టల్ ఖాళీ చేసి తాళం వేయడం మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది.

మా రేకుల గదిలో ఆ పగిలిన అద్దాన్ని నేను మార్చలేదు. అమ్మ ఎన్నిసార్లు తీసేయమన్నా తీయలేదు. ప్రాక్టీస్ ఆపిన ప్రతిసారీ అందులో నా ముఖం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. అప్పుడు ఇంకోసారి చూసుకుంటాను: పెల్లెట్ తీశానా, దారం దూర్చానా, సిలిండర్ విప్పానా, తాళం వేశానా. మేనల్లుడికి ఇప్పుడు పదకొండేళ్ళు. మొన్న వచ్చినప్పుడు "మావయ్యా, నాకూ నేర్పిస్తావా?" అన్నాడు. నేర్పిస్తాను అన్నాను. మొదటి పాఠం కాల్చడం కాదు, దాచడం అన్నాను.

ఈ ఎపిసోడ్ అయిపోగానే లేచి వెళ్ళి మీ సిలిండర్ మీద తేదీ చూడండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.